గీసినవాడే చెరపాలి

కొత్త వస్తువుని పాతది చెయ్యడం నా పని. వినడానికి వెర్రిగా ఉంటుందని నాకూ తెలుసు, నవ్వుకోండి. రైలు బండ్ల నమూనాలు సేకరించేవాళ్ళు కొందరుంటారు. అసలు బండిలో ఎనభై ఏడో వంతు ఉంటాయి ఆ నమూనాలు. గూడ్సు వ్యాగన్ మొత్తం అరచేతిలో ఇమిడిపోతుంది. పెట్టెలోంచి తీసినప్పుడు నిగనిగలాడుతూ ఉంటుంది, అలా ఉంటే వాళ్ళకి నచ్చదు. ఎండకి వెలిసిన రంగు కావాలి, చక్రాల దగ్గర బ్రేకు దుమ్ము కావాలి, తలుపు అంచుల్లో తుప్పు కావాలి. అవన్నీ నేను పెడతాను. రంగు పొడులు, నూనె, వెంట్రుక మందం కుంచె, కంటికి భూతద్దం, ఇవే నా సామాను.

అందరూ నన్ను తుప్పు మాస్టారు అంటారు. మొహం మీదే అంటారు. తుప్పు నా చేతిలోనే కాదు, నోట్లో కూడా ఉందని నా తమ్ముడి వేళాకోళం. వాడు నిజం రైలు బండ్లకి బ్రేకులు బాగుచేస్తాడు, ఊరి చివర యార్డులో. రోజంతా వ్యాగన్ల కింద వెల్లకిలా పడుకునే ఉద్యోగం. "నా బండికి తుప్పు పడితే నాకు చీవాట్లు, నీ బండికి తుప్పు పడితే నీకు చప్పట్లు" అంటాడు. వాడికి పదేళ్ళప్పుడు నాన్న పోయాడు, ఏడాది తిరక్కుండా అమ్మ పోయింది. నేనే పెంచాను. నాకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. ఉన్నదల్లా వాడే. ఈ మాట వాడి ముందు ఎప్పుడూ అనలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. వ్యాగన్ తలుపుల మీద యార్డు వాళ్ళు సుద్దతో ఏవేవో గీస్తారు. నేను ఫొటోలు చూసి అవి కూడా అచ్చం అలాగే దించుతాను. వాటిలో ఒక గుర్తు నాకు చాలా ఇష్టం. ఒక సున్నా, దాని లోపల పైనుంచి కిందికి ఒక గీత, గీత చివర చిన్న తోక. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని బోలెడు బండ్ల మీద వేశాను. దాని అర్థమేమిటో నాకు తెలియదు. పక్క గదిలోనే తమ్ముడున్నాడు, అడిగితే చెప్పేవాడు. అడిగితే నాకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది కదా. అందుకని అడగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే ఫోను మోగింది. యార్డు మాస్టరు. ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది. మా వాడు పనిచేసే యార్డుకి ఒకప్పుడు ఆయనే పెద్ద. ఏ బండి ఏ లైనులోకి వెళ్ళాలో, ఎప్పుడు కదలాలో ఆయన చెయ్యి ఊపితేనే జరిగేది. ఇప్పుడు నమూనాలు సేకరిస్తాడు. మనిషి మాత్రం ముళ్ళకంప. నేను చేసిచ్చిన బండ్లు మూడుసార్లు తిప్పి పంపాడు, మూడోసారి చీటీ మీద "పిల్లల బొమ్మ" అని రాసి పంపాడు.

"ఒక బండి మీద మరక ఉంది. తుడవాలి" అన్నాడు.

"పంపించండి, చూస్తాను."

"పంపించను. నువ్వే రా."

ఇంకొకరైతే ఛీ పొమ్మనేవాణ్ణి. కానీ ఆయన ఇంట్లో ఆ యార్డు మొత్తాన్ని ఎనభై ఏడో వంతుకి కుదించి కట్టుకున్నాడని అందరూ చెప్పుకునేవాళ్ళు. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ ఆశే నన్ను లాక్కుపోయింది.

నేను ఆయన ఇల్లు చేరేసరికి వాన మొదలైంది. తలుపు ఆయన కోడలు తీసింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మెత్తని మనిషి.

"మావయ్యగారు ఆ చివరి గదిలో ఉన్నారండీ. మీరు వెళ్ళండి, నేను అటు రాను."

"ఏమ్మా?"

"ఆయన రానివ్వరు. నాకూ వెళ్ళాలని లేదు లెండి."

అది పట్టపగలు, రెండున్నర కావస్తోంది. కానీ ఆ గదిలోకి అడుగుపెడితే నా చెయ్యి నాకు కనిపించలేదు. ఎండ తగిలితే నమూనాల రంగు వెలుస్తుందని కిటికీ అద్దాలకి నల్లరంగు పూయించాడట. కాసేపటికి కళ్ళు అలవాటుపడ్డాయి. నడుం ఎత్తున గోడ నుంచి గోడ దాకా బల్ల, దాని మీద వేలాడుతూ ఒకే ఒక్క బల్బు. నానిన చెక్క వాసన, మెషిను నూనె వాసన. వాటి అడుగున ఇంకో వాసన ఉంది. తడిసిన ఇనుముది. మా తమ్ముడు పని నుంచి వచ్చి చొక్కా విప్పితే వస్తుందే, ఆ వాసన.

బల్ల మీద యార్డు ఉంది. పది లైన్లు, సిగ్నళ్ళు, నీళ్ళ ట్యాంకు, మా వాడు అన్నం డబ్బా పెట్టుకునే రేకుల షెడ్డుతో సహా. ఆ షెడ్డు తలుపు సగం తెరిచి ఉంది. నలభై ఏళ్ళ అనుభవం నాది, అంత పనితనం నేను చూడలేదు. కడుపు మండింది, ఉన్నమాట చెప్పాలిగా. తప్పేదైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఒకటి దొరికింది.

"మనుషుల బొమ్మలు లేవేం? ఇంత యార్డులో ఒక్కడూ లేడు."

"నాకు మనుషులు పడరు" అన్నాడు యార్డు మాస్టరు. చీకట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అంతవరకు ఆయన్ని చూడనేలేదు. "మూడో లైను చూడు."

మూడో లైనులో ఒక ఇంజను, దానికి తగిలించి ఒకే ఒక్క మూసిన వ్యాగన్. బల్లంతా అద్దంలా తుడిచి ఉంది, ఆ వ్యాగన్ చుట్టూ మాత్రం వేలెడు మేర బూజు, దుమ్ము. దాని తలుపు మీద నాకు ఇష్టమైన గుర్తు. సున్నా, మధ్యలో గీత.

"ఎవరు చేశారిది?"

"నా కింద పనిచేసినవాడు. బ్రేకుల మనిషి. పనిలోనే పోయాడు. వాడు పోయిన నెల రోజులకి, ఒక పొద్దున వచ్చి చూస్తే ఇక్కడ ఉంది."

"ఎవరు తెచ్చి పెట్టారు?"

"అది చెప్పడానికి నిన్ను పిలవలేదు. ఇరవై రెండేళ్ళుగా ఇది కదలడం లేదు. ఇంజను చక్రాలు తిరుగుతాయి, బండి రాదు. ఆ గుర్తు పోతే కదులుతుంది. తుడువు. బండిని లేపకు, ఉన్నచోటే తుడువు."

"దీనికి నేనెందుకండీ? మీరే తుడవచ్చుగా."

ఆయన తన కుడిచెయ్యి ఒకసారి చూసుకున్నాడు. "నేను ఒకసారి చెరిపాను. చాలు" అన్నాడు.

పిచ్చి ముసలాడు అనుకున్నాను. నా పెట్టె తెరిచి, పుల్లకి దూది చుట్టి, భూతద్దం కంటికి పెట్టుకుని బల్ల మీదికి వంగాను. అది రంగుతో వేసింది కాదు. నిజం సుద్ద. గీత కనురెప్ప వెంట్రుకలో సగం లేదు. సుద్ద రేణువే దానికన్నా లావుగా ఉంటుంది. తలుపు కిందున్న ఇనప మెట్టు మీద గీసినప్పుడు రాలిన పొడి కూడా ఉంది. అంత సన్నటి సుద్దముక్కని పట్టుకోవాలంటే పట్టుకున్న చెయ్యి కూడా అంతే ఉండాలి.

"మీ తమ్ముడు యార్డులోనే కదా" అన్నాడు వెనకనుంచి.

"అవును."

"ఇవాళ పగలు డ్యూటీయేనా?"

"అవును. ఏం?"

"ఊరికే. బాగుచేసే బండ్లని మూడో లైన్లోనే నిలబెడతారు. నా కాలం నుంచీ అంతే."

తుడిచాను. రెండే రెండు రుద్దులు. చాలా తేలిగ్గా పోయింది. సుద్దకి దూది తెల్లగానే ఉండాలి కదా, ఎర్రబడింది. తుప్పు అనుకున్నాను ముందు. నాకు తుప్పులో ఇరవై రంగులు తెలుసు. అది వాటిలో ఏదీ కాదు.

అప్పుడు వినిపించింది. టక్... టక్... టక్...

బల్ల కింద నుంచి. చక్రం పగిలిందో లేదో చూడటానికి సుత్తితో కొడతారే, ఆ చప్పుడు. చాలా చిన్నగా. వంగి చూశాను. బల్ల కింద వైర్లు, ఖాళీ నేల. మళ్ళీ నిటారుగా నిలబడగానే మళ్ళీ మొదలైంది.

"వినిపిస్తోందా?" అన్నాడు యార్డు మాస్టరు గుసగుసగా.

"ఏంటది?"

"ఇన్నేళ్ళూ నాకొక్కడికే వినిపించేది." చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కాసేపు విన్నాడు. ఆ మొహం మీద నవ్వు చూడటం నాకదే మొదలు. "ఇప్పుడు నాకు వినిపించడం లేదు."

కుర్చీలోంచి లేచి, గోడ పక్కనున్న కరెంటు మీట దగ్గరికి నడిచాడు. ఇంజన్ని నడిపే మీట అది. నలభై ఏళ్ళుగా అడగని మాట అప్పుడు అడగాలనిపించింది. ఫోను తీసి తమ్ముడికి చేశాను.

"ఏంటన్నయ్యా, తొందరగా చెప్పు. బండి కింద ఉన్నాను." పైన రేకు మీద వాన పడుతున్న హోరు.

"సున్నా గీసి మధ్యలో గీత పెడతారే, తలుపు మీద... దానికి అర్థమేంట్రా?"

వాడు నవ్వాడు. "నీ బండ్ల మీద వందసార్లు వేసుంటావు. ఇప్పుడా అడిగేది?"

"చెప్పరా."

"కింద మనిషి ఉన్నాడని. సున్నా చక్రం, గీత మనిషి. ఎర్రజెండా కూడా పెడతాంలే, కానీ మా యార్డులో ఈ గుర్తే ముందు నుంచీ ఉంది. కిందికి దూరేవాడు గీస్తాడు. పనయ్యాక బయటికొచ్చి వాడే చెరుపుతాడు. గీసినవాడే చెరపాలి. ఇంకొకడు చెరిపితే..."

"చెరిపితే?"

"మనిషిని చంపినట్టే. పూర్వం ఒకాయన అలాగే పోయాడట. గుర్తు గీసే దూరాననీ, ఎవరో చెరిపేశారనీ చెప్పి మరీ పోయాడట. ఎవరూ నమ్మలేదు. అక్కడ గుర్తు లేదన్నాడట అప్పటి మాస్టరు."

యార్డు మాస్టరు నావైపే చూస్తున్నాడు.

"ఇవాళ నువ్వు ఏ లైన్లో ఉన్నావురా?"

"మూడు. అవునూ, నువ్వెప్పుడొచ్చావ్ ఇక్కడికి?"

"ఎక్కడికి?"

"వేళాకోళం చాల్లే. బండి పక్కనే నిలబడ్డావుగా. నీ కాళ్ళు కనిపిస్తున్నాయి. చెప్పు మీద ఆ రంగు మరక కూడా." వాన హోరు ఎక్కువైంది. "ఇంత వానలో నీ చెప్పులు పొడిగా ఎలా ఉన్నాయి?"

నా చెప్పులవైపు చూసుకున్నాను. పొడిగానే ఉన్నాయి. పనిగదే కదా అని, గుమ్మంలో తుడుచుకుని చెప్పులతోనే వచ్చాను.

"తలుపు మీద ఏం రుద్దుతున్నావ్?" వాడి గొంతు తగ్గిపోయింది. "అన్నయ్యా... నా గుర్తు చెరుపుతున్నావా?"

"ఒరేయ్, బయటికి రా. ఉన్నపళంగా రా."

"రాలేను. కడ్డీ విప్పాను, చెయ్యి లోపల ఇరుక్కుంది. ఒక్క నిమిషం..."

యార్డు మాస్టరు మీట తిప్పాడు.

ఇంజను సన్నగా మూలిగింది. బల్ల మీద బండిని ఇంజనుకి కలిపే కొక్కేలు టిక్కుమన్నాయి. ఫోనులో అదే చప్పుడు వందింతలై వచ్చింది. ఇనుము ఇనుముని లాగుతున్న మూలుగు.

"అన్నయ్యా... కదులుతోంది..."

నేను యార్డు మాస్టరు మీద పడ్డాను. డెబ్బై దాటిన మనిషి, గోడలా నిలబడ్డాడు. నా చెయ్యి విదిలించి కొట్టాడు.

"ఆపండి. అక్కడ మావాడున్నాడు."

"నాకు తెలుసు" అన్నాడు. "ఎవడో ఒకడు తన చోటికి వెళ్ళేదాకా ఆ పోయినవాడు నన్ను వదలడు. ఈసారి చెరిపింది నా చెయ్యి కాదు."

వ్యాగన్ని పట్టుకుని పైకి లాగాను. అరచేతిలో ఇమిడే బొమ్మ. రాలేదు. మేకులు కొట్టినట్టు కాదు... కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టు. నేను లాగితే అవతల కూడా లాగారు. ఫోనులో మా వాడు మాటలు మానేశాడు. ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. చక్రం ఒక గోరు మేర కదిలింది.

నా పెట్టెలో తెల్లపొడి ఉంది. కుంచె ఉంది. ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. కుంచెని నాలుకతో తడిపి, పొడిలో ముంచి, కదులుతున్న తలుపు మీద పెట్టాను. ఆ ఒక్క పనీ నా చేతికి వచ్చు. సున్నా. గీత. తోక.

బండి ఆగింది.

ఇంజను చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. కాలిన వాసన వచ్చింది, బల్బు ఆరిపోయింది. టక్కుటక్కు చప్పుడు కూడా ఆగింది. చీకట్లో ఫోను వెలుగొక్కటే.

"ఒరేయ్..."

కంకర మీద పాకుతున్న చప్పుడు, తర్వాత వాడి గొంతు. "ఆగింది. బయటికొచ్చాను."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పుకోడానికి.

"భుజం చెక్కుకుపోయింది, అంతే" అన్నాడు వాడు. తర్వాత, "నువ్వెక్కడికి పోయావన్నయ్యా? ఇక్కడెవరూ లేరు. తలుపు మీద గుర్తుంది. కానీ ఇది నేను గీసింది కాదు. తోక కుడివైపుకి తిప్పి ఉంది. నువ్వు అలా తిప్పుతావు."

యార్డు మాస్టరు చీకట్లో దగ్గరికి వచ్చాడు. చెమట వాసన తెలిసింది. "గీసినవాడు కింద ఉంటాడు. అంతే కదా దాని అర్థం?" అన్నాడు తీరిగ్గా.

"నేను గీశాను. నేనే చెరుపుతాను."

"చెరుపు. బయటే ఉన్నావని నీకు నమ్మకముంటే చెరుపు."

చెయ్యి ఎత్తాను. చెరపలేకపోయాను.

ఆ ముసలాడు ఆ వారమే పోయాడు. నిద్రలో, హాయిగా పోయాడట. విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. అలాంటి చావు వాడికి ఎవరిచ్చారో నాకు అర్థం కాలేదు. నేను కోడలికి ఫోను చేసి బతిమాలుకున్నాను. ఆ గదికి తాళం వెయ్యమన్నాను, మూడో లైను బండిని మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఆమె సరేనంది. తమ్ముణ్ణి యార్డు మానిపించాను. వాడు నాతో నాలుగు రోజులు పోట్లాడి, చివరికి ఊళ్ళోని రిపేరు కొట్టులో చేరాడు. ఇక వాడికి ఏ బండి కిందా దూరే పని లేదు. నాకు కావలసింది అదే.

నా సంగతి అంటారా, పడుకుంటే వెన్ను కింద కంకర గుచ్చుకునేది. పరుపు దులిపి చూస్తే ఏమీ ఉండేది కాదు. దానికీ అలవాటుపడ్డాను.

ఇవాళ ఉదయం పదకొండింటికి నా బల్ల దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, వంగి పనిచేసుకుంటున్నాను. పక్క గదిలో తమ్ముడు బట్టలు మడతపెట్టుకుంటున్నాడు. ఫోను మోగింది. యార్డు మాస్టరు కోడలు.

"గది ఖాళీ చేస్తున్నామండీ. కొనుక్కునే వాళ్ళు సాయంత్రం వస్తారు. మీకోమాట చెబుదామని."

"మూడో లైను బండి..."

"అది మాత్రం మీరు చెప్పినట్టే చేశానండీ. తుడిచేశాను."

"ముట్టుకోవద్దన్నాను కదమ్మా."

"అప్పుడన్నారు. ఇందాక మీరే కదా తుడవమన్నారు? బల్ల కింద పడుకుని ఏదో పని చేసుకుంటూ..." ఆగింది. ఆమె ఊపిరి మారింది. "మీరు... ఇంట్లోంచి మాట్లాడుతున్నారా?"

ఫోను పెట్టేసి లేవబోయాను. నడినెత్తికి ఠంగున తగిలింది. చల్లగా, జిడ్డుగా. పైకి చూస్తే ఎప్పుడూ ఉండే కప్పు, తిరుగుతున్న ఫ్యాను. చెయ్యెత్తి తడిమాను. ఇనప కడ్డీ. దాని పక్కన ఇంకోటి. ఎటు తడిమినా ఉన్నాయి. ఏదీ కంటికి కనిపించదు. వంగే ఉన్నాను. తర్వాత వంగి ఉండటానికి కూడా చోటు చాలలేదు. మెల్లగా నేల మీద వెల్లకిలా పడుకున్నాను.

"తమ్ముడూ" అని పిలిచాను.

వాడు వచ్చాడు, చేతిలో చొక్కాతో. గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేంటన్నయ్యా, నేల మీద పడుకున్నావ్?"

"లోపలికి రాకు. అక్కడే ఉండు."

వాడు వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నన్ను లేపడానికి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి మధ్యలో ఆగింది. వాడు నావైపు చూడటం లేదు. నా ఎడమ పక్క, ఖాళీ నేలవైపు చూస్తున్నాడు.

"అన్నయ్యా" అన్నాడు, పెదవి కదపకుండా. "నీ పక్కన సుత్తి పట్టుకుని పడుకున్నాయన ఎవరు?"